ఆటపెట్టెలోని పాట

చిన్ననాఁటి పాట యనఁగానే మన తరమువారికి జోలపాటయో, కోలాటపు పాటయో, తోలుబొమ్మలాటలోని రాగమో జ్ఞప్తికి వచ్చును. 1980 తరువాత పుట్టినవారిలో పెక్కుమందికి మఱియొక పాట జ్ఞప్తికి వచ్చుచున్నది. అది వీడియో ఆటలో మ్రోఁగిన పాట. నలువదేండ్ల గృహస్థుఁడు దానిని విని క్షణకాలము బాలుఁడగుచున్నాఁడు. యంత్రపు కూఁత పాట యెట్లగునని పెద్దలు శంకింతురు. ఆ శంకను విచారింతము.

ఈ సంగీతమునకు జపానుదేశము ముఖ్యమైన పుట్టినిల్లు. 1978లో అచట వెలువడిన స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటలో నాలుగు స్వరములే మరల మరల మ్రోఁగుచుండెను. శత్రువులు తఱిగిన కొలఁది వారి నడకయు, స్వరముల నడకయు త్వరితమగును. ఆడువాని గుండెయు వానితోఁ బరుగిడును.

1983లో నింటెండో సంస్థ యింటిలో ఆడుకొనుటకై ఫ్యామికామ్ అను పెట్టెను చేసినది. దానియందు ధ్వనిమార్గములు అయిదు. మూఁడు స్వరములకు, ఒకటి తాళపు సవ్వడికి, ఒకటి ముందుగా నమోదుచేసిన చిన్న ధ్వనులకు. ఇంత కొఱతలోనే 1985లో కోజీ కొండో అను యువకుఁడు సూపర్ మారియో బ్రదర్స్ ఆటకు పాట కట్టెను. బొమ్మలతో, పాటతో కూడ ఆ యాట యంతయు నలువది కిలోబైట్లు. నేఁడు చేతిఫోనుతోఁ దీసిన యొక్క ఛాయాచిత్రము దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. చోటు లేదు గావున పాట చిన్నదై తిరిగి తిరిగి రావలెను. నూఱుసార్లు విన్నను విసుగు పుట్టరాదు. ఏకతార మీటుచుఁ బాడు బైరాగికి కంఠమే దిక్కైనట్లు, కొండోకు వరుసయే దిక్కయ్యెను. ఆడువానికిచ్చిన గడువు తీరవచ్చినపుడు ఆ పాటయే వేగిరపడి వానిని హెచ్చరించును.

1986లో డ్రాగన్ క్వెస్ట్ ఆట వెలువడునాఁటికి దాని పాటలు కూర్చిన కోయిచీ సుగియామాకు 55 ఏండ్లు. మఱుసటి యేఁడే వానిని టోకియోలో వాద్యబృందము సభామధ్యమున వాయించెను. ఆ యేఁటనే ఫైనల్ ఫాంటసీకి సంగీతము కూర్చిన నొబువో ఉఎమాట్సు గురుముఖమునఁ గాక స్వయంకృషిచే నేర్చినవాఁడు. 2021లో టోకియో ఒలింపిక్ ప్రారంభోత్సవమున క్రీడాకారుల నడకకు సుగియామా పాటతో మొదలుపెట్టి ఆటల సంగీతమునే వాయించిరి. ఆ యేఁటనే ఆయన కాలధర్మము చెందెను. 2023లో అమెరికాలోని కాంగ్రెస్ గ్రంథాలయము కొండో పాటను భద్రపఱుపఁదగిన ధ్వనులలోఁ జేర్చినది.

ఈ గౌరవము ఆలస్యముగా వచ్చినది. సూపర్ మారియో తెఱపైఁ గర్తల పేళ్లే లేవు. అన్యులు తమ పనివారిని లాగికొనిపోదురను శంకచేఁ గొన్ని సంస్థలు మాఱుపేళ్లే వేసెను. బిడ్డలు పాటను హృదయమున దాఁచుకొనిరి. పాట కట్టినవారిని ఎఱుఁగరైరి. మనమును అంతియే గదా! మన తల్లులు పాడిన జోలపాటలు కట్టినవారిలో ఎందఱి పేళ్లు మనకుఁ దెలియును?

కావున మీ కుమారుఁడో మనుమఁడో అట్టి పాటను కూనిరాగము తీయునపుడు పరిహసింపకుఁడు. అది యెవరు కట్టిరని యడుగుఁడు. వాఁడు కర్త పేరు చెప్పిన పిమ్మట మీ చిన్ననాఁటి పాట నొకటి వానికి వినిపింపుఁడు. వినిపింపని పాట మనతోడనే పోవును.