మూడు పేర్ల వంశావళి

అధ్యక్షుడికి ఎంతసేపైనా మాట్లాడే హక్కు ఉంటుందంటారు. దాన్ని వాడుకోనని ముందే హామీ ఇస్తున్నాను.

బ్రిటిష్ అనుభవవాదం అనగానే మన నోటికొచ్చే వరస ఒకటే: లాక్, బర్క్‌లీ, హ్యూమ్. జ్ఞానానికి సరుకంతా అనుభవం నుంచే వస్తుందన్నాడు లాక్. అలాగైతే అనుభవానికి అందని జడపదార్థం ఎందుకంటూ బర్క్‌లీ దాన్ని తీసేశాడు. హ్యూమ్ చేతిలో ఆత్మకూ, కారణకార్య సంబంధానికీ కూడా అదే గతి పట్టింది. తాత, కొడుకు, మనవడు అన్నట్టు సాగే ఈ కథ పరీక్షల్లో రాయడానికి బాగుంటుంది. అయితే ఇది ఆ ముగ్గురూ చెప్పుకున్న కథ కాదు. హ్యూమ్‌ను ఖండించిన థామస్ రీడ్ దీనికి పునాది వేశాడు. 1874లో హ్యూమ్ గ్రంథాలకు టి. హెచ్. గ్రీన్ రాసిన సుదీర్ఘ పీఠిక దాన్ని స్థిరపరిచింది. ప్రత్యర్థులు రాసిపెట్టిన వంశావళినే మనం ఇన్నాళ్లూ వల్లెవేస్తున్నాం.

1959లో రిచర్డ్ పాప్‌కిన్ ఒక కొంటె ప్రశ్న వేశాడు: అసలు హ్యూమ్ బర్క్‌లీని చదివాడా? చదివే ఉంటాడనడానికి గట్టి సాక్ష్యం లేదని ఆయన వాదన. దాని మీద వాదోపవాదాలు నడుస్తుండగానే, పోలండ్‌లోని క్రాకోలో చార్తోరిస్కీ సంగ్రహం నుంచి హ్యూమ్ ఉత్తరం ఒకటి బయటపడింది. 1737 ఆగస్టులో మిత్రుడు మైకేల్ రామ్సేకు రాసినది. తన పుస్తకంలోని తత్త్వచర్చ సులువుగా తలకెక్కాలంటే ముందు వీళ్లను చదవమని అందులో నలుగురి పేర్లు చెప్పాడు: మాల్‌బ్రాంష్, బర్క్‌లీ, బేల్, డెకార్ట్. పాప్‌కిన్ 1964లో మరో వ్యాసం రాసి, హ్యూమ్ బర్క్‌లీని చదివాడని శీర్షికలోనే ఒప్పుకున్నాడు. మన సాహిత్య వివాదాల్లో ఇంతటి మర్యాద అరుదు, అది వేరే సంగతి.

ఆ జాబితా మరోసారి చూడండి. ముగ్గురు ఫ్రెంచివాళ్లు, ఒక ఐరిష్ బిషప్. లాక్ లేనే లేడు. అదే హ్యూమ్, తన ఆ పుస్తకం ‘ట్రీటిస్’ ఉపోద్ఘాతంలో తన ముందువాళ్లను తలచుకుంటూ లాక్ పేరు చెప్పాడు, అక్కడ బర్క్‌లీ లేడు. సముద్రానికి అటువైపు హేతువాదం, ఇటువైపు అనుభవవాదం అని చేసిన పంపకం ఈ కాగితాల ముందు నిలవదు. బర్క్‌లీకి మాల్‌బ్రాంష్‌తో ఉన్న బంధాన్ని ఎ. ఎ. లూస్ 1934లోనే ఒక పుస్తకమంతా చర్చించాడు. హ్యూమ్ ఉత్త సంశయవాది కాడు, మన నమ్మకాలకు మూలం మానవ ప్రకృతిలో చూపినవాడు అని నార్మన్ కెంప్ స్మిత్ 1905 నుంచే చెబుతూ వచ్చాడు. నాకు అన్నిటికన్నా నచ్చిన వ్యాఖ్యానం ఇదే. లోకంలో కారణశక్తి ఉందనే హ్యూమ్ నమ్మాడని 1989లో గాలెన్ స్ట్రాసన్ చేసిన వాదన మాత్రం మూలాన్ని కొంచెం ఎక్కువగానే లాగిందనిపిస్తుంది.

మనకు ఇంపుగా తోచే వాదన ఇంకొకటుంది. హ్యూమ్ ‘ట్రీటిస్’లో చాలా భాగం రాసింది ఫ్రాన్సులోని లా ఫ్లేష్‌లో. అక్కడి జెస్యూట్ కళాశాలలో ఉన్న దోలు అనే మతగురువు సయాం వెళ్లినవాడు, పుదుచ్చేరిలో గడిపినవాడు. ఆయన ద్వారా బౌద్ధుల అనాత్మవాదం హ్యూమ్ చెవిన పడి ఉండవచ్చునని అలిసన్ గోప్నిక్ 2009లో రాశారు. ఆమె ఉండవచ్చు అన్నారు, అంతే. వాళ్లిద్దరూ ఆ సంగతి మాట్లాడుకున్నట్టు కాగితం లేదు. దాన్ని పట్టుకుని హ్యూమ్ మన దగ్గరే నేర్చుకున్నాడని సభల్లో చాటడం తగదు.

తెలుగులో పాశ్చాత్య తత్త్వశాస్త్రం రాయబోయే మిత్రులకు ఒక్క విన్నపం. హ్యూమ్ అధ్యాయానికి ముందు బేల్‌కూ మాల్‌బ్రాంష్‌కూ చెరో పది పేజీలు కేటాయించండి. లాక్‌ను సమర్థిస్తూ 1702లోనే పుస్తకం అచ్చువేసిన కాథరిన్ ట్రాటర్ పేరు కూడా చేర్చండి.