కంటికీ మెదడుకీ మధ్య తపాలా
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, గుమాస్తాను. నాకు జరిగినదే మనవి చేస్తాను.

రెండేళ్ళ క్రితం నడుస్తుంటే భుజాలు గుమ్మాలకు తగిలేవి. పక్కనుంచి వచ్చే స్కూటరు కనబడేది కాదు. వయసనుకున్నాను. శుక్లాలు తీయించినా తేడా లేదు. చివరకు ఒక కంటి డాక్టరమ్మగారు పక్కచూపు ఎంతవరకు ఉందో పరీక్ష చేసి, తలకు స్కానింగ్ తీయించమన్నారు.

మెదడు అడుగున, ముక్కు మూలానికి వెనుక, బఠాణీగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దానికి పైన రెండు కళ్ళ నరాలూ కలుస్తాయి. గ్రంథిలో గడ్డ పెరిగి ఆ కూడలిని నొక్కితే రెండువైపులా పక్కచూపు తగ్గుతుంది. నాకు జరిగింది అదే.

గడ్డను ముక్కులోంచే తీస్తామన్నారు. చూపు పోయే ప్రమాదం ఉందన్న కాగితం మీద సంతకం చేయమన్నారు. జీవితమంతా ఇతరుల సంతకాలు సరిచూసిన చెయ్యి ఆరోజు వణికింది. "మత్తులో ఉన్నవాణ్ణి కనబడుతోందా అని అడగలేరు కదండీ, మీకెలా తెలుస్తుంది?" అన్నాను.

సర్జన్ గారు ఓపికగా చెప్పారు. మూసిన కళ్ళమీద చిన్న ఎర్రదీపాలున్న అద్దాలు పెడతారు. ఆ వెలుగు రెప్పలు దాటి లోపలికి పోతుంది. సెకనులో సుమారు పదోవంతుకి మెదడు వెనుకభాగంలో పుట్టే సన్నని విద్యుత్ అలను తలకు అమర్చిన తీగలు అందుకుంటాయి. మన భాషలో, కన్ను డిస్పాచ్ సెక్షను, తల వెనుకభాగం ఇన్‌వర్డ్ సెక్షను. తపాలా ముడుతున్నంతసేపూ దారి బాగున్నట్టే. అల సగానికి పడితే పని ఆపి, నరంమీద ఒత్తిడి తగ్గించి, రక్తపోటు చూస్తారు. పీల్పించే మత్తు ఈ అలను అణిచేస్తుంది కనుక రక్తనాళంలోకి ఎక్కించే మందే వాడతారు.

ఇది పూర్తి భరోసా కాదనీ ఆయనే చెప్పారు. పక్కచూపులో వచ్చే చిన్న లోపాలను ఈ యంత్రం పట్టలేకపోవచ్చు.

నా ఆపరేషనులో ఎడమకంటి అల ఒకసారి పడిపోయిందట. చెయ్యి ఆపారట. కాసేపటికి తిరిగి వచ్చిందట. నాకు తెలిసింది మర్నాడు కళ్ళు తెరిచాకే.

అందుచేత నా మనవి రెండే. గుమ్మాలు తగులుతుంటే వయసు మీదికి నెట్టకండి, పక్కచూపు పరీక్ష చేయించుకోండి. ఇటువంటి ఆపరేషను చెబితే, చూపును ఎలా కనిపెట్టి ఉంటారో సంతకానికి ముందే అడగండి. ఈ ఏర్పాటు అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు.

ఎడమపక్క ఇప్పటికీ కాస్త మసకే. అయినా రెండు చివరల కుర్చీల్లో కూర్చున్న మీరందరూ నాకు కనబడుతున్నారు. అంతకన్న ఏం కావాలి? సెలవు.