అయ్యకు పాగ, అమ్మకు కుంభము

ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటియైన మల్లికార్జునుడును, అష్టాదశ శక్తిపీఠములలో ఒకటియైన భ్రమరాంబయు శ్రీశైలమున ఒక్క ప్రాకారములోనే వెలసియున్నారు. అయ్యకు మాఘ బహుళ చతుర్దశినాడు మహాశివరాత్రి. అమ్మకు చైత్ర పూర్ణిమ దాటిన పిదప వచ్చు మొదటి మంగళవారమో శుక్రవారమో కుంభోత్సవము. ఈ రెండు పండుగలను ఒకదాని ప్రక్క నొకటి నుంచి చూచినచో ఈ క్షేత్రధర్మము కొంత బోధపడును.

శివరాత్రికి ఈ కొండ ఎక్కుట నేటి మాట కాదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రలో ఆ యాత్రను విపులముగా వర్ణించియున్నాడు. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి యాత్రికులకై మెట్లు కట్టించినాడు.

ఆ రాత్రి స్వామి పెండ్లికుమారుడు. పెండ్లికొడుకునకు తలపాగ వలయును గదా! చీరాల ప్రాంతపు దేవాంగ నేతవారు తరతరములుగా ఆ పాగను సమర్పించుచున్నారు. రోజునకు మూరెడు చొప్పున ఏడాది పొడుగునా నేసిన వస్త్రమది. లింగోద్భవ వేళ ఆలయమున దీపములన్నియు ఆర్పివేయుదురు. నేతగాడు దిగంబరుడై, కటికచీకటిలో, విమానశిఖరమునుండి ముఖమండపముపై నందులవరకు ఆ వస్త్రమును చుట్టును. అటుపిమ్మటనే కల్యాణము. ఈ ఒక్క సేవ విషయమున గుడిలో నిలిచిన భక్తుడును, ఇంట రేడియోయొద్ద కూర్చున్న శ్రోతయు సమానులే. ఇరువురికిని కన్నులకు కానవచ్చునది లేదు, చెవులకు శివనామము మాత్రము వినవచ్చును.

ఇక కుంభోత్సవము. పూర్వము అమ్మవారికి ఆనాడు జంతుబలులిచ్చెడివారు. ఇప్పుడు గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు సమర్పించుచున్నారు. సాయంసంధ్యవేళ మల్లికార్జునలింగమును అన్నముతో కప్పి, ఆ గుడి తలుపులు మూయుదురు. అమ్మయెదుట అన్నము రాశిగా పోయుదురు, అదియే కుంభము. స్త్రీవేషము ధరించిన పురుషుడు వచ్చి ఆమెకు హారతి ఇచ్చును. అయ్య ఆనాటికి తప్పుకొని, అమ్మకు చోటిచ్చినట్లుండును.

బలి మాని గుమ్మడికాయ కొట్టినంత మాత్రమున కుంభోత్సవము చెడలేదు. ఇచ్చు వస్తువు మారినది, ఇచ్చుట మారలేదు. ఆచారము మారినచో పండుగ నశించునని భయపడువారికి ఇదియే సమాధానము.

కాని పాగ మాట వేరు. వస్తువును మార్చవచ్చును, నేయు చేతికి బదులు లేదు. చెంచులు మల్లయ్యను తమ అల్లుడందురు. కన్నడదేశపు భక్తులు ఉగాదికి భ్రమరాంబను ఆడపడుచుగా భావించి చీరెసారెలు తెచ్చెదరు. నేతవారు పాగ తెచ్చెదరు. ఇందరు చుట్టములు కలిసినగాని ఆ యింట పెండ్లి జరుగదు. చేనేత మగ్గములు నానాటికి తగ్గుచున్న ఈ కాలమున మనము తలచవలసిన దిదియే.

శివరాత్రికి శ్రీశైలము పోజాలని గృహస్థులు ఆ పండుగకు ఇంట ఒక చేనేతవస్త్రము కొన్నచో, అదియు పాగలో ఒక మూరగా స్వామికి చేరునని నా నమ్మకము.