పాత టెలివిజనులో వెడల్పు తెర చిత్రములు



కొవ్వూరు గట్టుమీద నిలిచి తూర్పునకు చూచినచో, 1974వ సంవత్సరమున ప్రారంభమైన రైలు–రోడ్డు వంతెన రాజమహేంద్రవరము వరకు బారుగా సాగిపోవుచు కనబడును. దానిని పూర్తిగా చూడవలెనన్న తల త్రిప్పక తప్పదు. ఆ సంవత్సరముననే తెలుగువారి మొదటి సినిమాస్కోపు చిత్రమగు ‘అల్లూరి సీతారామరాజు’ వెలువడినది. హాలులో ముందువరుసలవారు దానిని గూడ తల త్రిప్పియే చూచిరి. ఇట్టి వెడల్పు బొమ్మను ఇంటిలోని పాత టెలివిజను పెట్టెలో, చేతి సొమ్ము వదలకుండ, ఎట్లు బాగుగా చూడవచ్చునో నేడు మనవి చేయుదును.

పలుచని కొత్త తెరలు ఊరూరికి వచ్చిన యీ దినములలో ఈ ముచ్చట యెందుకని కొందరు అడుగవచ్చును. ఆ బరువైన గాజుపెట్టెలు ఇప్పుడు తయారగుట లేదన్న మాట నిజమే. కాని మా పినతల్లిగారి యింట అది ఇంకను పలుకుచున్నది. కీర్తిశేషులైన మా బాబాయిగారు ఉద్యోగ విరమణ సొమ్ముతో కొన్న పెట్టె యది. దానిని పాతసామానులవానికి ఇచ్చుటకు ఆమె యొప్పుకొనరు. ఒప్పింపవలెనని నాకును లేదు. ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే: “పూర్తి పెట్టెకి డబ్బిచ్చి సగం పెట్టె చూడటమేమిట్రా?”

ఆమె సగము అనుట లెక్కకు దగ్గరి మాటయే. పాత పెట్టె తెర నాలుగు పాళ్ళ వెడల్పునకు మూడు పాళ్ళ ఎత్తు గలది. సినిమాస్కోపు బొమ్మయో, ఎత్తునకు సుమారు రెండున్నొక పాతిక రెట్ల కంటె అధికమైన వెడల్పు గలది, 2.35 రెట్లని చెప్పుదురు. 21 అంగుళముల పెట్టెలో తెర వెడల్పు ఇంచుమించు 17 అంగుళములు, ఎత్తు పండ్రెండున్నర. ఆ వెడల్పులో స్కోపు బొమ్మ నిండుగా పట్టవలెనన్న దాని ఎత్తు ఏడంగుళములే యగును. తక్కిన చోటు పైన ఒకటి, క్రింద ఒకటి నల్లపట్టీలై మిగులును. ఆ పట్టీలు బొమ్మను మ్రింగినవి కావు. బొమ్మ లేని చోట్లు మాత్రమే.

ఈ సంగతి తెలియక చాలమంది రిమోటులోని ‘జూమ్’ మీట నొక్కి తెర నింపుకొందురు. అపుడు పట్టీలు పోవును గాని, వానితో పాటు బొమ్మలో నూటికి నలువదిమూడు పాళ్ళు ప్రక్కలనుండి పోవును. ఇద్దరు మాటలాడుకొను చోట ఈ కొసను ఒకరి ముక్కు, ఆ కొసను మరియొకరి చెవి మిగులును. మరికొన్ని పెట్టెలు బొమ్మను నిలువునకు సాగదీయును; అందరును సరుగుడు చెట్లవలె కనబడుదురు. ఈ రెంటికంటె నల్లపట్టీలే మేలని నా అభిప్రాయము.

అయితే ఆ పట్టీలు నిజముగా నల్లగా ఉండవు. అసలు చిక్కు అక్కడనే యున్నది. గాజు బూడిదవన్నె గలది. గదిలోని దీపము దానిపై పడి మెరయును. పెట్టెలో వెలుగు ఎక్కువగా పెట్టుటచే పట్టీలు పొగవలె తేలును. ముందుగా ఆ వెలుగును తగ్గింపవలెను. పిమ్మట రెండు అట్టముక్కలను పట్టీల కొలతకు కత్తిరించి, నల్లని మఖమలు గుడ్డ అంటించి, గాజునకు గాక చుట్టునున్న చట్రమునకు తగిలింపుడు. మఖమలు దొరకనిచో నల్ల చార్టు కాగితము చాలును. అన్ని చిత్రముల కొలతలు ఒక్కటి కావు గనుక, అట్టలు పైకి క్రిందికి జరుగునట్లు ఉండుట మంచిది. పరభాషా చిత్రములకు క్రింది పట్టీలోనే అక్షరములు వచ్చుట కలదు. అపుడు క్రింది అట్ట తీసివేయవలయును. ఇది చిన్న పనియే గాని, దీనివలన కలుగు మార్పు మిక్కిలి పెద్దది.

రెండవది, కుర్చీని ముందునకు జరుపుకొనుట. ఏడంగుళముల బొమ్మను పది అడుగుల దూరమునుండి చూచుచు చిన్నదని వగచుట న్యాయము కాదు. నాలుగైదు అడుగులలో కూర్చుండిన చాలును. దగ్గర కూర్చున్న చూపు పోవునని మన పెద్దలందురు. అలసట కలుగునేమో గాని చూపు పోదు. గదిని కటికచీకటి చేయక, పెట్టె వెనుక గోడమీద పడునట్లు ఒక చిన్న దీపముంచినచో ఆ అలసటయు తగ్గును. దీపము పెట్టెను తాకరాదు. వెనుకనున్న గాలి రంధ్రములను మూయరాదు.

తెరముందు నిలుపు ప్లాస్టికు భూతద్దపు పలకలను నేను మెచ్చను. నలుపు తెలుపు పెట్టెల కాలమున మనవారు రంగుల కాగితపు పలకలు తగిలించి రంగుల టెలివిజను చూచినట్లు సంతోషించిరి. ఇదియు అట్టిదే. బొమ్మతో పాటు గీతలను గూడ పెద్దవి చేయును. ప్రక్కన కూర్చున్నవారికి అంతయు వంకరయే.

అన్నింటికంటె చమత్కారమైన ఉపాయము వేరొకటి కలదు. 1953లో అమెరికాలో ‘ది రోబ్’ చిత్రముతో సినిమాస్కోపు వచ్చినపుడు, కెమెరా కటకము వెడల్పు దృశ్యమును ఫిలింపై అడ్డముగా నొక్కిపట్టెడిది. హాలులోని కటకము దానిని తిరిగి విప్పెడిది. కొన్ని డీవీడీలలోను బొమ్మ ఇట్లే నొక్కబడి యుండును. డీవీడీ యంత్రమును 16:9 అను అమరికలో నుంచి, టెలివిజను బొమ్మ ఎత్తును నాలుగింట మూడు వంతులకు కుదించినచో ఆకారము సరిపడును. దీనివలన లాభమేమనగా, మన పద్ధతిలో బొమ్మకు గల 576 గీతలలో మామూలుగా స్కోపు చిత్రమునకు సుమారు 327 మాత్రమే దక్కును. ఇట్లు చేసినచో 436 దక్కును. ముఖములు, ఆకులు, అలలు తేటపడును. పట్టీలను బొమ్మతో కలిపియే ముద్రించిన డిస్కులకు మాత్రము ఇది పనికిరాదు.

కొన్ని పెట్టెలలో ఈ కుదింపు రిమోటులోనే కలదు. లేనివారు వెనుక మూత విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను ఆ గాజుబుడ్డిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు వేల వోల్టులుగా నిలిచి యుండును. ఆ పని తెలిసిన మెకానిక్కునకే వదలవలెను.

పినతల్లిగారి పెట్టెలో ఆ మీట దొరికినది. చిత్రము ముగిసిన పిమ్మట దానిని మరల నొక్కకున్న వార్తలు చదువువారు పొట్టివారై కనబడుదురు. అందుచేత ఆమె రిమోటు వెనుక ఒక చీటి అంటించుకొనిరి: “సినిమా అయ్యాక మళ్ళీ నొక్కాలి.”