ఇల్లు కొనబోవువారు - క్రొత్త క్రెడిట్ కార్డు



ఇల్లు కొనదలచిన గృహస్థు ఎంతయో జాగ్రత్తపడును. తూర్పు పడమరలు చూచును. నీళ్ల వసతి యెట్లున్నదో, పిల్లల బడి యెంత దూరమో విచారించును. దస్తావేజులు వకీలుచేత చదివించును. మంచి దినము చూచి బయానా ఇచ్చును. ఇంత తెలివిగల మనుష్యుడే, బయానా ఇచ్చిన పదిదినములకు, క్రొత్త యింటికని టెలివిజను బేరమాడుచుండగా, "అయ్యా! మా క్రెడిట్ కార్డు తీసికొన్నచో పదిశాతము తగ్గింపు, ఆపైన వడ్డీలేని కిస్తులు" అని ఒక యువకుడు చెప్పినంతనే, నిలుచున్నచోటనే ఫోనులో దరఖాస్తు నింపి, సంతోషముతో ఇంటికి వచ్చును. బయానాకును ఆ కార్డునకును సంబంధ మున్నదని అతనికి తోచదు. ఆ సంబంధమును గూర్చియే నేనీ పూట నాలుగు మాటలు చెప్పదలచితిని.

మన దేశమున అప్పు తీసికొన్నవారి చరిత్రను వ్రాసి యుంచు సంస్థలు నాలుగు గలవు. వానిలో మొదటిది 2000 సంవత్సరమున ఏర్పడిన సిబిల్. 2005లో ఇట్టి సంస్థలకొరకు ప్రత్యేక శాసనము వచ్చినది. తక్కిన మూడును తరువాత వచ్చినవి. అయినను ఏ సంస్థ వేసిన లెక్కనైనను జనులు సిబిల్ స్కోరనియే పిలుచుచున్నారు. ఈ స్కోరు 300 మొదలు 900 వరకు ఉండును. ఎంత ఎక్కువయైన అంత మేలు.

మనము కార్డునకు దరఖాస్తు పెట్టగనే ఆ బ్యాంకు మన చరిత్రను తెప్పించి చూచును. అట్లు చూచినట్లు ఆ చరిత్రలోనే ఒక పంక్తి చేరును: ఫలానా తేదీన, ఫలానా సంస్థ, ఫలానా అప్పు నిమిత్తము విచారించినది అని. కార్డు వచ్చినను రాకపోయినను ఆ పంక్తి నిలిచియుండును. మన చరిత్రను మనమే తెప్పించుకొని చూచినచో మాత్రము స్కోరునకు హాని లేదు. ఇట్టి విచారణ ఒక్కటి జరిగినంత మాత్రమున కొంప మునిగిపోవునని భయపెట్టువారున్నారు. నాకా భయము లేదు. ఒక్క విచారణవలన కలుగు నష్టము స్వల్పము, కొన్ని నెలలలో సర్దుకొనును. ఒకే మాసమున మూడు నాలుగు చోట్ల దరఖాస్తులు పెట్టినవాని సంగతి వేరు. బ్యాంకు అధికారి ఆ పంక్తులను చూచి, ఇతనికి ఏదో ఇబ్బంది వచ్చినది కాబోలు, ఇన్ని గడపలు త్రొక్కుచున్నాడని శంకించును. ఆ శంక అన్యాయమని నేననలేను. మన ఊళ్లలో అప్పిచ్చు షావుకారును అట్లే తలచెడివాడు.

అసలు నష్టము విచారణలో లేదు, కిస్తులో నున్నది. నాకు తెలిసిన దంపతుల సంగతి చెప్పెదను. వారు హైదరాబాదులో మియాపూరు వైపున, ఒకరు కాపురమున్న ఫ్లాటును 57 లక్షలకు బేరము చేసికొనిరి. 5 లక్షలు బయానా ఇచ్చిరి. 90 దినములలో రిజిస్ట్రేషను కాకున్న బయానా పోవునని ఒప్పందము. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము 30 లక్షలకు మించి 75 లక్షల వరకు గల గృహఋణము ఇంటి విలువలో 80 శాతము దాటరాదు. స్టాంపు సుంకమును, రిజిస్ట్రేషను ఖర్చులును సాధారణముగా ఆ విలువలో చేరవు. కనుక వారు 45 లక్షలు బ్యాంకునుండి తెచ్చుకొని, తక్కినదానికి తమ ఇరువది యేండ్ల పొదుపంతయు ఊడ్చి పెట్టుకొనిరి. ఇక వారి చేత మిగిలినది లేదు.

బయానా ఇచ్చిన వారమునకు క్రొత్త కార్డు వచ్చినది. దానిపైన టెలివిజను, రిఫ్రిజిరేటరు కలిపి 72,000 రూపాయల సామాను, నెలకు 6,000 చొప్పున పండ్రెండు కిస్తులకు తీసికొనిరి. వడ్డీ లేదు గదా, నష్టమేమని వారి తలంపు.

ఇప్పుడు బ్యాంకువారి లెక్క వినుడు. ఆ దంపతుల చేతికి వచ్చు జీతము ఉభయులదియు కలిపి నెలకు 80,000. అందులో సగము, అనగా 40,000, అన్ని కిస్తులకును కలిపి పోవచ్చునని ఆ బ్యాంకు నియమము. ఈ పాలు బ్యాంకునకు బ్యాంకునకు మారును. 8.5 శాతము వడ్డీకి ఇరువది యేండ్ల గడువున లక్ష రూపాయల ఋణమునకు నెలసరి కిస్తు సుమారు 868 రూపాయలు. 40,000 కిస్తుకు 46 లక్షల ఋణము వచ్చును. 6,000 కార్డు క్రిందికి పోగా మిగిలిన 34,000కు 39 లక్షలే వచ్చును. డెబ్బదిరెండు వేల సామాను దాదాపు ఏడు లక్షల గృహఋణమును మ్రింగినది! కొద్ది నెలలలో తీరిపోవు కిస్తులను లెక్కింపని బ్యాంకులును గలవు. కాని అది వారి దయ. దానిని నమ్ముకొని బయానా ఇయ్యరాదు.

బ్యాంకు 39 లక్షలే మంజూరు చేయుదు ననగా ఆ ఇల్లాలు తన నగలు కుదువబెట్టుటకు సిద్ధపడినది. ఆ బంగారపు ఋణమును మీ చరిత్రలోనికే వచ్చునమ్మా, దానివలన మఱింత తగ్గునని అధికారియే వారించినాడు. ఆయన చెప్పిన ఉపాయము వేరు: కార్డుపై మిగిలిన 66,000 రూపాయలును ఒక్కసారిగా చెల్లించి, బాకీ లేదని పత్రము తెండు; చరిత్రలో ఆ బాకీ తీరినట్లు కనబడిన పిమ్మట మరల లెక్క కట్టెదను. ఆ 66,000 వారియొద్ద లేవు. తెనాలిలోనున్న ఆమె తల్లి తన ముసలితనమునకని దాచుకొన్న డిపాజిటును గడువునకు ముందే తీసి పంపినది. 45 లక్షలు మంజూరైనవి. కాని ఈ రాకపోకలలో తొంబది దినములు దాటిపోయినవి. గడువు పొడిగించుటకు విక్రేత మరి లక్ష రూపాయలు అడిగినాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆయనకును వేరొకచోట ఇల్లు కొను తొందర యున్నది. దుకాణములో దొరకిన తగ్గింపు 8,000. ఇల్లు దక్కినది, సరే. ఆ తల్లి డిపాజిటు ఇంకను తిరిగి చేరలేదని విన్నాను.

స్కోరు తగ్గుటవలన ఋణము తగ్గకపోయినను వడ్డీ పెరుగవచ్చును. చాల బ్యాంకులు స్కోరును బట్టియే వడ్డీని ఏర్పరచుచున్నవి. 50 లక్షల ఋణమునకు 8.5 శాతమునకు బదులు 8.75 శాతమైనచో నెలకు పెరుగునది 795 రూపాయలే. ఇరువది యేండ్లకు అది లక్షా తొంబది వేలు దాటును.

ఇది విని, ఉన్న కార్డులన్నిటిని రద్దుచేయించువారు కొందరు బయలుదేరుదురు. అది మఱియొక తొందరపాటు. ఏండ్ల తరబడి నెలనెలయు పూర్తి బాకీ చెల్లించుచు వచ్చిన పాత కార్డు మనకు మంచి సాక్షి. ఆ సాక్షిని ఋణము అడుగబోవు ముందు పంపివేయుట ఏమి యుక్తి? దానిని ఉండనిచ్చి, దాని పరిమితిలో కొద్దిభాగము మాత్రమే వాడుకొనుచు, గడువుకు ముందే చెల్లించుచుండిన చాలును. ఎన్నడును అప్పెరుగనివారును దిగులుపడ నక్కరలేదు. పూర్వచరిత్ర లేదను ఒక్క కారణముచే మొదటిసారి ఋణము కోరువారిని త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు సూచించినది. అట్టివారు స్కోరు కొరకని ఇల్లు కొనుటకు రెండు నెలల ముందు కార్డు తీసికొనుట నిష్ప్రయోజనము. తీసికొనదలచిన ఒక సంవత్సరము ముందే తీసికొనవలయును.

మంజూరు పత్రము చేతికి వచ్చినది గనుక ఇక భయములేదని కొందరు తలంతురు. మంజూరు వేరు, సొమ్ము చేతికి వచ్చుట వేరు. సొమ్ము విడుదల చేయుటకు ముందు బ్యాంకు మరల చరిత్రను చూడవచ్చును. పూర్వము ఈ వివరములు మాసమున కొకసారి ఆ సంస్థలకు చేరెడివి; 2025 జనవరి నుండి పక్షమున కొకసారియైనను చేరవలెనని నియమము. కావున క్రొత్త అప్పు మునుపటికంటె త్వరగా బయటపడును. పాత అప్పు తీర్చిన మాటయు అట్లే త్వరగా తెలియును, అది మనకు మేలు. కట్టుచున్న భవనములో ఫ్లాటు కొన్నవారికి సొమ్ము అంతస్తు లేచినకొలది విడతలుగా విడుదల యగును. వారు చివరి విడత వరకు ఓపిక పట్టుట మంచిది. ఇప్పటికే కార్డు తీసికొని యున్నచో బ్యాంకు అధికారికి మొదటనే చెప్పివేయుడు. మీరు దాచినను కాగితము దాచదు.

అడుగని కార్డును ఎవరికిని అంటగట్టరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశములలో నున్నది. అయినను మనము పెట్టని దరఖాస్తు పేర ఒక విచారణయో, ఎన్నడో తీర్చిన బాకీ తీరనట్లో చరిత్రలో కనబడుట కలదు. నాలుగు సంస్థలును సంవత్సరమున కొకసారి సంపూర్ణ చరిత్రను ఉచితముగా ఇయ్యవలయును. తప్పున్నచో ఫిర్యాదు చేయవచ్చును. 30 దినములలో పరిష్కరింపనిచో ఆపైన దినమునకు 100 రూపాయల చొప్పున మనకు పరిహార మీయవలెనని 2023లో నిర్ణయించిరి. కాని తొంబది దినముల గడువులో ముప్పది దినములు ఫిర్యాదునకే పోయినచో ఆ నూరు రూపాయలు ఏ మూలకు? కావున ఆ కాగితమును బయానా ఇచ్చుటకు ముందే, దస్తావేజులతోపాటు చదివించుకొనుడు.