టీవీకి కంప్యూటర్ జోడించుకునే ముందు
(దేవరకొండలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును స్మరించుకుంటూ మనం ఏటా ఈ సభ జరుపుకుంటున్నాము. డి.ఏ. బకాయిలు, వైద్య బిల్లులు, కమ్యుటేషన్ వగైరాల గురించి నాకంటె బాగా తెలిసిన మిత్రులు ఇప్పటికే మాట్లాడారు. కార్యవర్గం వారు నాకు అప్పగించిన విషయం వేరు. ఇంట్లో టీవీకి ఒక చిన్న కంప్యూటర్ తగిలించి, అందులో సినిమాలు, పాటలు, ఇంటి వీడియోలు పెట్టుకొని చూడాలనుకునేవారు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి అన్నది. పెన్షనర్లకు ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అందుకు సమాధానం మన అల్మారాల్లోనే ఉన్నది.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు మన ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆదివారం పొద్దున ఆ ఇళ్ల ముందర చెప్పులు కుప్పపడేవి. ఆ తర్వాత కొన్నేళ్లకే పెళ్లికి వీడియో తీయించడం వచ్చింది. భుజాన కెమెరా ఒకరు, పెద్ద లైటు పట్టుకొని వెనుక ఒకరు. మన పిల్లల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, మన రిటైర్మెంట్ సన్మానాలు అన్నీ వీడియో క్యాసెట్లలోకి ఎక్కాయి. ఇప్పుడు ఆ క్యాసెట్లు బీరువాల్లో చీరల కింద ఉన్నాయి. వాటిని ఆడించే వీసీఆర్ లేదు. ప్రపంచంలో చివరివరకు వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఉత్పత్తి ఆపివేసింది. టేపు మీద బొమ్మ ఏటేటా మసకబారుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. అంటే మన దగ్గర ఉన్న రికార్డుకు గడువు దగ్గర పడుతున్నది.

రెవెన్యూలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. ఫైలు మూసేటప్పుడు ఆర్.డిస్. అని వేస్తే అది శాశ్వతంగా ఉండవలసిన కాగితం. ఎల్.డిస్. అని వేస్తే ఏడాది గడిచాక తీసివేయవచ్చు. ఇంట్లో ఉన్న వీడియోలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందని నా మనవి. సినిమా ఎల్.డిస్. పోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుంది. అమ్మ బతుకమ్మ పేరుస్తున్న వీడియో, నాన్న మాట్లాడిన రెండు నిమిషాలు ఆర్.డిస్. అవి మన ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేవు. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఈ రెండవ రకాన్ని దృష్టిలో పెట్టుకొని ఎంచుకోవాలి.

మీడియా సెంటర్ సాఫ్ట్‌వేర్ అంటే రికార్డు రూములో ఉండే అటెండరు వంటిది. ఏ కట్ట ఏ ర్యాకులో ఉన్నదో తెలుసుకొని, అడగగానే తెచ్చి ముందు పెడుతుంది. టీవీ తెర మీద బొమ్మల అట్టలతో జాబితా చూపిస్తుంది. రిమోట్‌తో ఎంచుకుంటే ఆడిస్తుంది. అంతవరకే దాని పని. కట్టలు మాత్రం మన ర్యాకులోనే ఉండాలి, అటెండరు జేబులో ఉండకూడదు. అటెండర్లు మారుతుంటారు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మీడియా సెంటర్ 2002లో వచ్చింది, చాలా మంది మెచ్చుకున్నారు. 2015లో విండోస్ 10 వచ్చేసరికి దాన్ని తీసివేశారు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా రేపు ఉండదనుకొనే మన ఏర్పాటు చేసుకోవాలి. వీడియోలను ఎంపీ4 వంటి అందరికీ తెలిసిన పద్ధతిలో, మామూలు ఫోల్డర్లలో ఉంచుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా చదువుతుంది.

ఇక ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది, అసలు సాఫ్ట్‌వేరే అక్కరలేని వారు. పది ఇరవై వీడియోలే ఉంటే పెన్ డ్రైవ్ టీవీ వెనుక పెట్టుకుంటే చాలు. రెండు జాగ్రత్తలు. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు అందులోకి ఎక్కదు. మూడు గంటల పెళ్లి వీడియో ఆ హద్దు దాటవచ్చు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయిస్తే ఎక్కుతుంది, అయితే మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందు చూసుకోండి. రెండవది, కొన్ని టీవీలలో కొన్ని ఫైళ్లకు బొమ్మ వస్తుంది కాని శబ్దం రాదు. అటువంటివి కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూడవచ్చు. పారిస్ సమీపంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాదాపు ప్రతి ఫైలునూ ఆడిస్తుంది.

రెండవది కోడి. 2002లో ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టె కోసం ఔత్సాహికులు రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. చాలాకాలం ఎక్స్‌బీఎంసీ అని పిలిచారు, 2014లో కోడి అని పేరు మార్చారు. లాభాపేక్ష లేని సంస్థ ఆధ్వర్యంలో స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. ఖాతా తెరవనక్కరలేదు, పైసా కట్టనక్కరలేదు, ఇంటర్‌నెట్ లేకపోయినా ఇంట్లో ఉన్న వీడియోలు ఆడుతుంది. ఒకే టీవీ ఉన్న ఇంటికి నా ఓటు దీనికే.

మూడవది ప్లెక్స్. ఇదీ కోడి కుదురు నుంచి పుట్టినదే, తర్వాత వ్యాపార సంస్థగా మారింది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, అమర్చడం సులభం. అయితే వారి దగ్గర ఖాతా తెరవాలి. 2025 ఏప్రిల్ నెలాఖరు నుంచి ఇంటి బయట ఉండి మన సొంత వీడియోలు చూడాలన్నా రుసుము పెట్టారు. జీవితకాల చందా అప్పుడే సుమారు 120 డాలర్ల నుంచి 250 డాలర్లకు పెంచారు. వ్యాపారం చేసేవారు ధర పెంచడం తప్పు కాదు. కాని స్థిరమైన పెన్షన్ మీద బతికే మనం ఆ సంగతి ముందే తెలుసుకొని ఉండాలి.

నాలుగవది జెల్లీఫిన్. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన మూలరచనను అందరికీ తెరిచి ఉంచడం మానివేసినప్పుడు, 2018 డిసెంబరులో కొందరు విడిపోయి దీన్ని ప్రారంభించారు. పూర్తిగా ఉచితం. ఒక కంప్యూటర్‌లో వీడియోలన్నీ ఉంచితే ముందు గదిలో టీవీ, పడకగదిలో టీవీ, కోడలి ఫోను అన్నిటిలో చూడవచ్చు. అమర్చడానికి మాత్రం తెలిసిన పిల్లవాడు పక్కన ఉండాలి. రెండు మూడు టీవీలు ఉన్న ఉమ్మడి కుటుంబానికి ఇది తగినది. ఇటువంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ 2005 నుంచి ప్రచారం చేస్తున్నది. తెలుగులో కంప్యూటర్ వాడకం కోసం కూడా వారు కృషి చేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన సభ్యుడొకరు గతించిన రెండేళ్లకు ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ఆయన పదవీ విరమణ సభ క్యాసెట్‌ను మనుమడు హైదరాబాదు తీసుకుపోయి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. టీవీకి కూడా అమర్చి, తర్వాత అమెరికా వెళ్లిపోయాడు. ఒకరోజు తెర మీద పాస్‌వర్డ్ అడిగింది. ఆమెకు తెలియదు. పిల్లవాడికి ఫోను చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. “అన్నా, మా ఆయన మాటలు ఇంట్లనే ఉన్నయట. నేను మాత్రం వినలేకపోతున్న” అన్నారు. ఫైలు భద్రంగానే ఉన్నది. తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉన్నది. నేను వెళ్లి ఆ ఫైలు వెతికి తీసి కోడిలో పెట్టి ఇచ్చాను. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని నన్ను అడిగేవారికి అప్పటి నుంచి నేను ఒకటే ప్రశ్న వేస్తున్నాను. మీరు ఇంట్లో లేనినాడు మీ ఇల్లాలు దీన్ని ఎవరినీ అడగకుండా నడపగలదా? నడపలేకపోతే అది ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ అయినా మన ఇంటికి పనికిరాదు.

అందుకు కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మన పెన్షనర్ గుర్తింపు కార్డు అంత ఉంటుంది. దాంట్లో లిబ్రెలెక్ అనే వ్యవస్థ ఎక్కిస్తే ఆన్ చేయగానే నేరుగా కోడి తెర వస్తుంది. టీవీ రిమోట్‌తోనే నడుస్తుంది, వేరే కీబోర్డు అక్కరలేదు. అయితే టీవీ సెట్టింగులలో సీఈసీ అనే సౌకర్యం ఆన్ చేయాలి. శాంసంగ్ వారు దాన్ని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ వారు సింప్‌లింక్ అని, సోనీ వారు బ్రావియా సింక్ అని పిలుస్తారు. కోడి మొదటి తెర మీద అక్కరలేని అంశాలన్నీ దాచివేయవచ్చు. మా ఇంట్లో సినిమాలు, ఇంటి వీడియోలు అని రెండే ఉంచాను. మా ఇంటావిడ పైకీ కిందికీ వెళ్లే బటన్లు, ఓకే, బ్యాక్, ఈ నాలుగింటితో నడుపుకుంటున్నది.

కొత్తది కొనడం ఇష్టం లేనివారికి పాత కంప్యూటర్ కూడా పనికివస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అటువంటి పాత మిషన్లలో చాలావాటికి లిబ్రెలెక్ ఎక్కించుకోవచ్చు. అది ఎక్కించేటప్పుడు ఆ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక ముందుగా ఫొటోలూ కాగితాలూ వేరేచోట దాచుకోండి. పాత కంప్యూటర్లలో టీవీ రిమోట్ సాధారణంగా పనిచేయదు, ఒక చిన్న యూఎస్‌బీ రిమోట్ కొనుక్కోవాలి.

పేర్లు పెట్టడంలో శ్రద్ధ చూపాలి. సర్వీసు రిజిస్టరులో ఒకే పేరు గలవారు ఇద్దరుంటే తండ్రి పేరుతో గుర్తుపట్టేవాళ్లం. సినిమాకు తండ్రి పేరు దాని సంవత్సరం. దేవదాసు 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లో ఉంది. ఫైలు పేరులో సంవత్సరం వేయకపోతే అక్కినేని బదులు ఇంకొకరి బొమ్మ వస్తుంది. ఇంటి వీడియోలను సినిమాలతో కలపకుండా వేరే ఫోల్డరులో పెట్టండి. కలిపితే మీ అమ్మాయి పెళ్లికి ఏదో సినిమా అట్ట అంటిస్తుంది. తేదీ, ఊరు, సందర్భం వరుసగా రాస్తే చాలు. తెరలో కనిపించేవారెవరో ఒక కాగితం మీద రాసిపెట్టండి. మన తరం పోతే ఆ ముఖాలను గుర్తుపట్టేవారుండరు.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి అడ్డదారి లేదు. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు పడుతుంది. గంటకు సుమారు 2 జీబీ చొప్పున లెక్క వేసుకోండి. క్యాసెట్ కిటికీలోంచి తెల్లని పొడి కనిపిస్తే దాన్ని ఆడించవద్దు. అది బూజు. మిషన్‌కు అంటుకొని మిగతా క్యాసెట్లకు పాకుతుంది. అనుభవజ్ఞులతో ముందు శుభ్రం చేయించాలి.

డిస్కు ఒకటే ఉంటే రికార్డు లేనట్టే లెక్క. కరెంటు పోయి వచ్చే మన ప్రాంతాలలో అది మరీ నిజం. ఇంట్లో రెండు కాపీలు, ఊరు బయట ఉన్న పిల్లల దగ్గర ఒక కాపీ ఉంచండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజునే ఆ డిస్కులను కూడా ఒకసారి తెరిచి చూడండి. మనం బతికి ఉన్నామని ప్రభుత్వానికి చెప్పుకునే నాడే అవి బతికి ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. అన్ని సినిమాలూ ఉచితమని చెప్పి కోడి ఎక్కించిన పెట్టెలు అమ్మేవారుంటారు. కోడి వారు ఏ సినిమానూ ఇవ్వరు, అటువంటి పెట్టెలతో తమకు సంబంధం లేదని వారే ప్రకటించారు. దొంగ సినిమాలు చూపడం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నేరం. 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడిపిస్తున్నాడన్న ఆరోపణపై హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేసిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. అటువంటి చోట్ల మన ఫోను, బ్యాంకు వివరాలకు కూడా ప్రమాదమే. ఉచితంగా చూడాలంటే ప్రసార భారతి వారు 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ తెచ్చారు, పాత దూరదర్శన్ కార్యక్రమాలు అందులో ఉన్నాయి.

చివరగా కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. మన సంఘం తరఫున పనిచేసే వీసీఆర్ ఒకటి, క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం ఒకటి సంపాదించి సంఘ కార్యాలయంలో పెడితే, సభ్యులు వంతుల వారీగా తమ క్యాసెట్లు తెచ్చుకోవచ్చు. రిజిస్టరు నిర్వహణ నేను చూస్తాను. మొదటి వంతు జీవిత భాగస్వాములను కోల్పోయిన వారికి ఇవ్వాలని కోరుతున్నాను. దీనిపై ఈ సభలోనే తీర్మానం చేయవలసిందిగా అధ్యక్షుల వారికి మనవి.