అప్పు, ప్రవాసము, దేశభక్తి



దేశభక్తి ప్రస్తావన వచ్చినపుడెల్ల ఒక నింద వినవచ్చుచుండును. కన్నతల్లివంటి ఊరిని విడిచి, డబ్బు కొఱకు పరదేశమునకు పోయినవానికి దేశభక్తి యెక్కడిది అని. నిందించువారు సాధారణముగా కడుపు నిండినవారు. నిందపడినవారి తల్లిదండ్రులు ఇట్టి సభలలోనే వెనుక వరుసలలో కూర్చుండి విందురు. కనుక ఈ మాటను తూచి పలుకవలసి యున్నది.

భారతమున అరణ్యపర్వములో యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలో సుఖి యెవ్వడనునది యొకటి. అప్పు లేక, పరాయిచోట నుండవలసిన పని లేక, అయిదవనాడో ఆఱవనాడో యైనను తన యింట కూరాకు వండుకొని తినువాడే సుఖి యని ధర్మరాజు చెప్పిన సమాధానపు సారము. చెప్పినవాడు పండ్రెండేండ్ల వనవాసము ముగియవచ్చిన రాజు. ప్రవాసమన నేమో యెఱిగినవాడు. దీనిని చూపి “ఊరు విడువరా”దని బోధించువారు రెండు షరతులలో మొదటిదానిని మ్రింగి రెండవదానినే చెప్పుదురు. అప్పు లేకుండుట మొదటి షరతు. ఈ సీమలో అప్పును ప్రవాసమును తల్లీబిడ్డలు.

ఓబులదేవరచెరువు పేరులోనే చెరువున్నది. కాని అనంతపురము ప్రాంతమున ఏటి సగటు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు; అదియు అదను తప్పి కురియును. వేరుసెనగ చల్లునపుడు వాన పడి, ఊడలు దిగునపుడు మొగము చాటు చేయును. విత్తనమునకు అప్పు, బోరునకు అప్పు, నీరు పడకున్న రెండవ బోరునకు మఱల అప్పు. ఆ పిమ్మట బెంగుళూరు బస్సు. అదియు చాలనపుడు కువైటు విమానము. రాయచోటి, రాజంపేట, కదిరి ప్రాంతములనుండి అట్లు పోయినవారిలో పరుల యిండ్ల వంటపని చేయు స్త్రీలు, కార్లు నడుపువారు, ఎడారిలో గొఱ్ఱెలు మేపువారు కలరు. ఇచ్చట గొఱ్ఱెలు మేపినవాడు సముద్రము దాటి అచ్చటను గొఱ్ఱెలనే మేపును, జీతమొక్కటే భేదము. దీనిని ధనాశ యనుట న్యాయము కాదు.

జన్మభూమి స్వర్గముకంటె గొప్పదని శ్రీరాముడు పలికినట్లు ఒక శ్లోకము ప్రసిద్ధము. బరోడాలో పరిష్కరించి ప్రకటించిన వాల్మీకి రామాయణమున అది కానరాదు. భావము మంచిదే. అయినను పేదవాని నెత్తిపై మొట్టుటకు దానిని వాడరాదు.

ఊరు విడుచుటయే ద్రోహమైనచో చరిత్రలో సగము ద్రోహమే యగును. 1565లో తళ్లికోట యుద్ధమున ఓడిన పిదప విజయనగరపు రాచకొలువే హంపిని విడిచి పెనుకొండకు వచ్చినది. తెలుగువారు దక్షిణమునకు పోయి తంజావూరు, మధురలలో స్థిరపడిరి. తిరువయ్యారున కావేరి యొడ్డున త్యాగరాజస్వామి తెలుగుననే కీర్తించెను. సముద్రము దాటినవారి కథ యింకను కఠినము. 1860 నవంబరు 16న మద్రాసునుండి కూలీలతో బయలుదేరిన మొదటి ఓడ ట్రూరో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. అందు తెలుగువారును కలరు. 1893లో అచ్చటికే ఒక యువ న్యాయవాది, ఒక వర్తకుని వ్యాజ్యము కొఱకు, ఏడాది ఒప్పందముపై జీవనార్థియై పోయెను. ఆతడు స్వదేశమునకు స్థిరముగా తిరిగివచ్చినది 1915 జనవరిలో. గాంధీమహాత్ముడు సత్యాగ్రహమును నేర్చినది పరదేశముననే. 1913లో ఆయన వెంట నడిచి చెఱసాలకు పోయినవారిలో తమిళ, తెలుగు కూలీలు ఉండిరి.

తిరిగిరాని మఱియొకని కథ తూకమునకు మిక్కిలి తగినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి గురువొకని యాగ్రహమునకు గుఱియై, పూర్తి పట్టము పొందలేక, తక్కువ పట్టముతో వెలువడెను. అన్నదమ్ములిరువురు వ్యాధిపాలైరి. 1922లో మామగారి సహాయముతో అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధించెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయెను. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేయుటయు, బోదకాలునకు వాడు డైఇథైల్ కార్బమజీన్ మందును ఆయన నడపిన పరిశోధనల ఫలములే. ఆ బోదకాలు మాత్రలను కోస్తా జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగి పంచిరి. మ్రింగినవారిలో ఆయన పేరెఱిగినవారు అరుదు. 1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే మరణించెను. 1995లో భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. దేశమునకు బాకీ తీర్చెనా యనిన, వడ్డీతో తీర్చె ననవలెను. ఇంట మాత్రము ఒక పద్దు చెల్లకయే మిగిలినది. ఆయన భార్య యిచ్చటనే యుండెను. ఆ దంపతులు మఱల కలిసికొనలేదు. ఆయనను పొగడువారు ఈ పద్దును దాటవేయుదురు. దాటవేయరాదు.

ఇక ప్రజలు చెల్లించిన పన్నులతో నడచు కళాశాలలలో చదివి, వైద్యులై, ఇంజనీర్లై, అమెరికాకు పోవువారి పద్దు వేఱు. వారి చదువునకు రాళ్లుకొట్టు కూలివాడు కొన్న అగ్గిపెట్టెపై పన్నును చేరినది. వారు తల్లిదండ్రులకు డబ్బు పంపుట యింటి బాకీ మాత్రమే. ఊరి బాకీ నిలిచియుండును. బడికి గదియో, గ్రంథాలయమునకు పుస్తకములో, రోగికి సలహాయో, ఏదో యొకరూపమున దానిని చెల్లించిననే లెక్క సరిపడును. కువైటులో వంట చేయు తల్లి సంగతి అట్టిది కాదు. ఆమె చదువునకు దేశము వెచ్చించినది అత్యల్పము. ఆమె పంపు డబ్బుతో బిడ్డలు చదువుకొందురు, అప్పు తీరును, మిద్దె లేచును. 2022లో పరదేశములనుండి భారతదేశమునకు వచ్చిన సొమ్ము పదివేలకోట్ల డాలర్లు దాటినది. అందు ఇట్టివారి చెమటయు కలదు. ఇచ్చట బాకీపడినది ఆమె కాదు, దేశమే.

ఆ బాకీని దేశము తీర్చిన సందర్భములు లేకపోలేదు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినపుడు, జోర్డానులోని అమ్మానునుండి విమానములపై లక్షకు మించిన భారతీయులను స్వదేశమునకు చేర్చిరి. యుద్ధము ముగిసినంత వారిలో చాలమంది మఱల కువైటునకే పోయిరి. ఇంటనున్న అప్పు యుద్ధముతో తీరదు గదా.

మహాశయులారా, పోవువానిని ఆపుట యెట్లని కాక, పోవువాడు మోసపోకుండుట యెట్లని యోచించుట ఊరి ధర్మము. 1983 నాటి వలసల చట్టము ననుసరించి, పదవ తరగతి దాటనివారు కువైటువంటి దేశములకు కూలికి పోవుటకు అనుమతి పొందవలెను. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండవలెను. దళారి ఈ రెంటిని తప్పించి సందర్శకుల వీసాపై పంపెద ననును. ఆ త్రోవను పోయినవారికి అచ్చటి చట్టపు రక్షణ అందుట కష్టము. పనివారి పాస్‌పోర్టును యజమాని తీసికొని దాచరాదని కువైటు దేశమే 2015లో చట్టము చేసినది. ఆ సంగతి తెలియకయే చాలమంది దిగినదినముననే చేతికిచ్చివేయుదురు. పోవువారు ఒప్పందపు నకలును, పాస్‌పోర్టు నకలును, యజమాని చిరునామాను ఇంట విడిచి పోవలెను. రాయబార కార్యాలయమునకు ఫిర్యాదు వ్రాయవలసి వచ్చినపుడు ఇంటివారికి ఆ కాగితములే యాధారము. చదువనేర్వనివారికి ఆ ఒప్పందమును తెలుగున చదివి వినిపించుటకు ఈ పఠనమందిరపు బల్లయు, సాయంకాలమున ఒక గంటయు చాలును.